ఎటు కాలు చాపినా దేవుడే

నిన్న పొద్దున నంద్యాలలో షాపు షట్టర్ ఎత్తుతుంటే ఆసుపత్రి నుంచి అక్క ఫోన్.

"మీ బావ లేడురా" అంది.

అంతే. తర్వాత ఏం మాట్లాడానో గుర్తు లేదు. మూడు రోజుల కింద చేర్చినప్పుడు కూడా జ్వరం తగ్గితే ఇంటికొచ్చేస్తాడనే అనుకున్నాను.

మా బావ ఓబులాచారి. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాడు. యాభై రెండేళ్లు. పోవాల్సిన వయసు కాదు.

నాలుగేళ్ల కింద బండి మీద నుంచి పడి కాలు విరిగింది. కట్టులో ఉండగానే కాలంతా వాచింది. స్కాన్ తీస్తే తొడ పైదాకా నరంలో రక్తం గడ్డ.

ఆరు నెలలు బిళ్లలు మింగాడు. ఇంకో స్కాన్ తీసి "గడ్డ కరిగిపోయింది, ఇక భయం లేదు" అన్నారు. బిగుతు సాక్సు వేసుకోమని, కాలు ఎత్తులో పెట్టుకోమని రాసిచ్చారు.

ఎందుకో చెప్పలేదు.

ఆ సాక్సు మా మెడికల్ షాపులోదే. నేనే తొడిగి చూపించాను.

కానీ దేవుణ్ణి చెక్కేటప్పుడు బావ కాళ్లకు ఏమీ తొడుక్కోడు. చెప్పులే బయట విడిచే మనిషి, సాక్సు ఉంచుకుంటాడా? ఉలి పట్టేముందు విప్పి మేకుకు తగిలించేవాడు. పొద్దంతా కాళ్లు మడుచుకుని పని. సాయంత్రం ఇంటికి పోయేముందు తొడుక్కునేవాడు.

ఒకసారి ఆయన చెక్కే షెడ్డుకు పోయి తిట్టాను. సాక్సు లేకపోతే మానె, కాలన్నా చాపి పీట మీద పెట్టుకో అన్నాను.

బావ చుట్టూ చూపించాడు.

"యాడికి చాపల్లరా? ఈ పక్క నరసింహస్వామి, ఆ పక్క అమ్మవారు, ముందర ఆంజనేయుడు. ఎవరి మొగాన పెట్టల్ల కాలు, నువ్వే చెప్పు."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను నవ్వకుండా ఉండాల్సింది.

రెండో ఏడు చీలమండ పైన చర్మం నల్లబడింది. దురద అన్నాడు, క్రీమ్ ఇచ్చాను. వాపు అన్నాడు, ఒంట్లో నీరు తీసే బిళ్లలు ఇచ్చాను. ఇరవై ఏళ్లుగా మందులు అమ్ముతున్న మొనగాణ్ణి నేను.

తర్వాత అక్కడే పుండు. మానేది, మళ్లీ లేచేది.

పోయిన ఏడాది కర్నూలులో ఒక డాక్టర్ పాత కాగితాలన్నీ తిరగేశాడు. ఐదు నిమిషాలు పట్టలేదు.

"గడ్డ తొడ పైదాకా ఉంది. మనిషి బరువు ఎక్కువ. నెల దాటినా వాపు తగ్గలేదని ఇక్కడే రాశారు. ఇలాంటి కాలు ముందు ముందు ఇబ్బంది పెట్టొచ్చని అప్పుడే అంచనా వెయ్యాల్సింది. మీకెవరూ చెప్పలేదా?"

చెప్పలేదు సార్. గడ్డ కరిగిందన్నారు. అది పోతూ పోతూ నరాన్ని పాడు చేసి పోయిందని ఎవరూ అనలేదు.

తిరుగు బస్సులో బావ ఆ కాగితాలే మళ్లీ మళ్లీ తిప్పి చూశాడు. రాయి కొనేముందు సుత్తితో తట్టి, ఆ చప్పుడు విని లోపల పగులుందో లేదో చెప్పగలిగే మనిషి ఆయన. నంద్యాల దగ్గర పడ్డాక అన్నాడు.

"మేం రాయిని తట్టి చూసినాంకనే ఉలి పెడతామురా. ఈళ్లు పగిలినాంక తట్టి చూస్తాండారు."

ఈ వారం పుండులోని విషం రక్తంలోకి ఎక్కింది. మూడు రోజుల్లో అంతా అయిపోయింది.

ఒక మాట. కింద ఎవరూ "తలరాత" అని కామెంట్ పెట్టొద్దు.

అప్పటి కాగితాల్లోనే ఉంది అంతా. చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. అడగాల్సిన నేను అడగలేదు. అక్క మొహం చూడలేకపోతున్నాను.

పోయిరా బావా.

ఇక నీకు ఎటు కావాలంటే అటు కాలు చాపుకో. ఏ దేవుడైనా ఏమన్నా అంటే, ఇన్నేళ్లు ఎవరి కోసం కాళ్లు మడుచుకుని కూర్చున్నావో గుర్తు చెయ్.

నొప్పి లేని నిద్ర పట్టాలి నీకు.