కారులో ఈల

మా అత్తగారికి చెవి మిషను పెట్టించిన మొదటి వారమంతా ఇంట్లో పండగలా ఉంది. పక్కింటి గేటు చప్పుడు, కొళాయి నుంచి పడే చుక్క, గుణదల చర్చి గంట, ఏది వినిపించినా మాకు చెప్పేవారు. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. వార్డు చివరి మంచం మీద ఎవరు మూలిగినా తనకే ముందు వినపడేదట. అలాంటి మనిషికి కొన్నేళ్లుగా మా మాటలే అందక, నవ్వి ఊరుకోవడం అలవాటైపోయింది.

రెండో వారం పామర్రులో ఉన్న ఆవిడ చెల్లెలి ఇంటికి కారులో బయల్దేరాం. నేను నడుపుతున్నాను, మా ఆయన పక్కన ఉన్నారు. అత్తయ్య ఎప్పటిలాగే వెనక ఎడమవైపు కూర్చున్నారు. ఆవిడ మోకాలు చాపుకోవడానికి ఆ సీటే వీలు. కంకిపాడు దాటి రోడ్డు కాస్త ఖాళీ అయ్యేసరికి, "ఎవరో ఈల వేస్తున్నారర్రా" అన్నారు.

మా ఆయన వెనక్కి తిరిగారు. "ఈలేంటమ్మా?"

"సన్నగా వస్తోంది. ఆగట్లేదు."

"నీ మిషనే అయ్యుంటుందిలే. చెవిలో సరిగ్గా కూర్చోకపోతే అవి అలాగే కూత పెడతాయంట."

ఆవిడ చెవిలో సర్దుకున్నారు. మళ్లీ సర్దుకున్నారు. ఉయ్యూరు రాకముందే మిషను తీసి చిన్న డబ్బాలో పెట్టేసుకున్నారు.

మిషను ఇచ్చిన చోటికి తీసుకెళ్లి చూపించాం. అక్కడి అమ్మాయి ఓపిగ్గా పరీక్షించి, "అంతా బాగానే ఉందండీ" అంది. నిజమే, ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. కారెక్కితేనే ఈల. దాంతో ఆవిడ కారెక్కే ముందే మిషను తీసేయడం మొదలుపెట్టారు. "నా చెవి గోల మీకెందుకులే అమ్మాయ్" అన్నారు నాతో. ఆ తర్వాత దారి పొడవునా కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చునేవారు. మేం మాట్లాడుకుంటుంటే మా వైపు చూసి నవ్వేవారు. ఆ పాత నవ్వు తిరిగి రావడం నాకు కష్టంగా అనిపించింది.

ముందు సీట్లో నాకైతే ఏ ఈలా వినపడలేదు. కానీ ఆవిడ లేనిది చెప్పే మనిషి కాదు. ఒక ఆదివారం పూజ అయ్యాక, "ఏమండీ, ఇవాళ మీరు నడపండి, నేను అత్తయ్య సీట్లో కూర్చుంటా" అన్నాను. ఆవిడని ముందు కూర్చోబెట్టి, ఏసీ, పాటలు ఆపించాను. గన్నవరం రోడ్డు మీద నిడమానూరు దాటి బండి వేగం అందుకుంది. అప్పుడు మొదలైంది, సరిగ్గా నా చెవి పక్కన. పాలు కాగేముందు గిన్నె చేసే చప్పుడంత సన్నగా ఉంది.

"ఉందండీ! ఈల ఉంది! అత్తయ్య చెప్పింది నిజమే!"

ఆయన బండి పక్కకి తీసి ఆపారు. ఏం జరిగిందో తెలియక ఆవిడ కంగారుగా చూశారు. మిషను పెట్టుకోమని సైగ చేశాను. పెట్టుకున్నారు.

"మీ చెవి కాదత్తయ్యా. కారు."

"కారా?" అన్నారు. మళ్లీ, "కారేనా?" అన్నారు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. మా ఆయన తల్లి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

మళ్లీ బయల్దేరి చూస్తే, నా పక్క కిటికీ అద్దం కొంచెం దించితే ఈల ఆగుతోంది, ఎక్కిస్తే వస్తోంది. వేగం తగ్గితే ఉండట్లేదు. అంటే ఎక్కడో సందులోంచి గాలి దూరుతోంది. రోడ్డు పక్క రంగుల షాపులో పెయింటర్లు వాడే కాగితం టేపు కొన్నాం. అత్తయ్య తన సీట్లోకి మారారు. ఇక ఆవిడ వినడం, మేం టేపు అంటించడం. మొదట ఆ కిటికీ అద్దం అంచుకి వేసి కొంత దూరం వెళ్లాం.

"ఇంకా ఉంది" అన్నారు.

బయటి సైడు మిర్రరుకి వేశాం.

"ఊహూఁ. ఏం తగ్గలా."

ఆవిడ లోపల ఉండగానే వెనక తలుపు పైఅంచు పొడుగునా వేశాం. బండి వేగం అందుకుంది. ఆవిడ నాడి చూస్తున్నట్టు చెయ్యెత్తి, కళ్లు మూసుకున్నారు.

"ఆగిపోయింది" అన్నారు మెల్లిగా. మరుక్షణం, "ఆగిపోయిందర్రా!" అని గట్టిగా నవ్వారు.

టేపు పీకి తలుపు తీసి చూస్తే, పైమూల దగ్గర రబ్బరు గాడిలోంచి ఊడి లోపలికి మడత పడి ఉంది. ఎప్పుడో వెనక సీట్లోంచి బియ్యం బస్తా లాగినప్పుడు ఒరుసుకుపోయి ఉంటుంది. న్యూస్‌పేపరు ముక్క పెట్టి తలుపు వేసి లాగితే, మిగతా చోట్ల బిగుసుకున్న కాగితం ఆ మూలలో మాత్రం జారి వచ్చేసింది. మర్నాడు ఆటోనగర్‌లో కొత్త రబ్బరు వేయించాం.

ఆ వారమే మళ్లీ పామర్రు వెళ్లాం. ఆవిడ మిషను పెట్టుకునే కారెక్కారు. మా ఆయన నడుపుతున్నారు. కంకిపాడు దాటాక నేను వెనక్కి తిరిగి, "అత్తయ్యా, ఈల వస్తోందా?" అని అడిగాను.

"ఈల లేదు గానీ, ఎందుకర్రా ఇద్దరూ అలా అరుస్తారు? మెల్లిగా మాట్లాడండి. వినపడుతోంది."

మేం గొంతు తగ్గించాం. తన మొదటి నైట్ డ్యూటీ సంగతి ఆవిడ మొదలుపెడితే, పామర్రు వచ్చినా అవ్వలేదు. చెల్లెలి ఇంటి ముందు బండి ఆపుకుని, అది పూర్తయ్యేదాకా వింటూ కూర్చున్నాం.