కూర్చోబెట్టినవాణ్ణి నేనే

మొన్న ఆదోని జాతరలో బెలూన్ల అంగడి దగ్గర ఎవరో గాలితుపాకీ పేల్చారు. పెద్ద చప్పుడేమీ కాదు, తడి గుడ్డను బండ మీద ఒక్కసారి కొట్టినట్టుంటుంది. బెలూను పగిలింది, పిల్లలు నవ్వారు. నా చేతులు మాత్రం వాటంతట అవే ముందుకు చాచుకున్నాయి, పడుకున్న బిడ్డ నడుము కిందికి పోనిచ్చినట్టు. ఇరవై ఏళ్లకు పైగా నేను చెప్పని మాట ఒకటుంది. డాక్టర్ గ్రేసమ్మ గుండు తీయకుండా వదిలేసినందుకే బసమ్మ కాళ్లు పోయాయని ఈ ఊళ్లో ఇప్పటికీ అంటారు. అది అబద్ధం. అబద్ధమని తెలిసినవాణ్ణి నేను. నోరు మూసుకున్నవాణ్ణీ నేనే. ఇది రాస్తే నా పరువు పోతుందని మావాళ్లు భయపడుతున్నారు. పోనీ. అది నాది కాని పరువు.

అప్పుడు మా తాలూకాలు బళ్ళారి నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్త. ఆదోనిలో ఊరి పెద్దల కమిటీ నడిపే పన్నెండు మంచాల ఆసుపత్రిలో నేను కాంపౌండరును. గ్రేసమ్మ గారు డాక్టరు. పొట్టి మనిషి, తెల్లచీర, కాళ్లకు మగవాళ్ల చెప్పులు. ఆ చెప్పుల చప్పుడు వినగానే వరండాలో బీడీలు ఆరిపోయేవి. జిన్నింగు మిల్లుల కూలీలు ఆమెను తిట్టుకుంటూనే ఆమె దగ్గరికే వచ్చేవారు.

పత్తి కాలంలో ఒక మధ్యాహ్నం ఎద్దులబండిలో బసమ్మను తెచ్చారు. ఏడేళ్ల పిల్ల. అమ్మానాన్నా లేరు. కోసిగి నుంచి అవ్వతో పాటు మిల్లుకు వచ్చి, పత్తిలో చెత్త ఏరేది. మిల్లు యజమాని కొడుకు రేకుల మీది పావురాళ్లను గాలితుపాకీతో కొడుతుంటే, ఒక గుండు దారితప్పి పిల్ల వీపులోకి, వెన్నెముక పక్కకు దిగింది. ఎత్తి లోపలికి తేబోయిన నన్ను గ్రేసమ్మ గారు ఒక్క కేకతో ఆపారు. తానే బండెక్కి, పిల్ల కాలి బొటనవేలు గిల్లారు.

“నొప్పి తెలుస్తాందా?”

“గిల్లితే తెలీదా యేం?” అంది బసమ్మ ఏడుస్తూనే. వేలు కొద్దిగా కదిలింది.

వెన్నులో నరం తెగలేదని తెలిసి డాక్టరమ్మ ముఖం విప్పారడం అప్పుడు చూశాను. మందుల గది తలుపు ఊడబెరికించి, దాని మీదికి నలుగురం పిల్లను జరిపి, తలుపుతో సహా లోపలికి మోశాం. ఎక్స్‌రేలో గుండు కనబడింది, జొన్నగింజంత. సాయంత్రానికి మిల్లు మేనేజరు వచ్చాడు.

“ఆ గుండేదో తీసి పారెయ్యండమ్మా. పసోడు, ఆటలో తగిలింది. కిందపడిందని రాసుకుంటే సరిపోతాది.”

“గుండు చేయాల్సిన చెడుపు చేసేసింది. దాన్ని వెతుక్కుంటా నా కత్తి పోతే, అది చేయని చెడుపు నేను చేస్తాను. గాలితుపాకీ గాయమని రాసేసినా. చింపాలంటే నన్ను చింపు ముందు.”

పెద్దాసుపత్రికి పంపుదామంటే, ఆ గుంతల రోడ్డు మీద బిడ్డను ఎక్కించనన్నారు. ఆమె వైద్యమంతా కదలనివ్వకపోవడమే. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన మందపాటి దుప్పటి పిల్ల కింద పరిచి, రెండు గంటలకొకసారి నలుగురం నాలుగు కొసలు పట్టి పక్కకు తిప్పేవాళ్లం. “రోకలి దొర్లినట్టు మనిషంతా ఒక్కసారే తిరగాల. తల ముందు, నడుము వెనక అంటే ఒప్పుకోను. నేను చెప్పేదాకా కూర్చోబెట్టేది లేదు, ఎవరు ఏడ్చినా సరే.”

ఆ చివరి మాట నా కోసమే అన్నట్టు అన్నారు. నేను వినలేదు.

మూడో రోజు గురువారం. గురువారాలు ఆమె ఎమ్మిగనూరుకు పోయి అక్కడి రోగులను చూసి వచ్చేవారు. మధ్యాహ్నం బసమ్మ అవ్వ సంగటి ముద్ద తెచ్చి మంచం పక్కన నిలబడింది, పెట్టదు. పడుకోబెట్టే తినిపించమని డాక్టరమ్మ రోజూ చెబుతున్నా ఆమె చెయ్యి రాలేదు. పిల్ల మూడు రోజులుగా నీళ్లతోనే ఉంది.

“పండుకున్నోళ్ల నోట్లో పోసేది పానం పోయేటప్పుడే కదప్పా. నా సేత్తో నేను ఆ పని సేయాల్నా? నాలుగు ముద్దలు తినేదాకా కూసోబెట్టు నాయనా. నీకూ ఒక తల్లి ఉంటాది కదా.”

ఉంది. నా తల్లీ అదే మాట అనేది. మా వైపు జ్వరంతో కళ్లు తెరవలేనివాణ్ణయినా గోడకు ఆనించి కూర్చోబెట్టే తినిపిస్తారు. పడుకున్న మనిషికి పెట్టడమంటే సాగనంపడమే. నా చదువు ఎంతలోతుదో ఆ క్షణాన తేలింది. ఒక చెయ్యి భుజాల కిందికి, ఒక చెయ్యి మోకాళ్ల కిందికి పోనిచ్చి పిల్లను లేపి కూర్చోబెట్టాను. నాలుగు ముద్దలు తింది. అవ్వ నా గడ్డం పట్టుకుని దీవించింది. మంచి పని చేశాననుకున్నాను.

తిరిగి పడుకోబెట్టాక బసమ్మ అంది, “అన్నా, కాళ్లు యాడికో పోయినట్టుండాయి.”

సాయంత్రం గ్రేసమ్మ గారు వచ్చి బొటనవేలు గిల్లారు. పిల్ల ఆమె ముఖంలోకి చూస్తూనే ఉంది. మళ్లీ గిల్లారు. తర్వాత దుప్పటి మీద, సరిగ్గా పిల్ల ఒడి దగ్గర, ఎండిన సంగటి మెతుకొకటి చూసి వేళ్లతో తీశారు. పడుకున్న పిల్ల నోటి నుంచి జారితే మెడ దగ్గర పడుతుంది, ఒడి దగ్గర కాదు.

“ఎవరన్నా లేపినారా రంగా?”

“లేదమ్మగారూ.”

నా ముఖంలోకి ఒకసారి చూశారు. మెతుకు కిటికీలోంచి పారేశారు. “సరే. తిప్పే వేళయింది, కొస పట్టు.”

వారం తిరక్కుండా కమిటీ కూర్చుంది. గుండు లోపలే వదిలేసి పిల్లను అవిటిదాన్ని చేశారన్నారు. మందుల రిజిస్టరు పట్టుకుని నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. ఆమె నావైపు తిరగలేదు.

“తీయలేదు. రేపు ఇట్లాంటి బిడ్డే ఇంకొకరు వచ్చినా తీయను. రాసుకోండి.”

“అయితే మీరు ఇంకో చోటు చూసుకోవాల్సి వస్తుంది.”

“పోతాను. ఈ బిడ్డ ఆసుపత్రి గడప దాటినాక. అంతకుముందు నన్ను కదిలించాలంటే ఆ మంచంతో సహా మోయండి.”

ఎనిమిది నెలలు ఆమె కదల్లేదు. ఆ రోజుల్లో కాళ్లు చచ్చిన పిల్లలు కాళ్ల వల్ల చనిపోయేవారు కాదు. నడుము కింద పుండ్లు పడో, మూత్రం చెడిపోయో పోయేవారు. అందరూ బసమ్మకూ అదే రాసిపెట్టి ఉందన్నారు. “కాళ్లు పోతే మనిషి పోవాలని యాడుంది?” అనేవారు గ్రేసమ్మ గారు. దూదితో చుట్టలు చేసి మడమల కింద పెట్టడం, రబ్బరు గొట్టం మరగబెట్టి మూత్రం తీయడం, చేతి అద్దంతో వీపు వెతికి ఎర్రబడ్డ చోటును పుండు కాకముందే పట్టుకోవడం అన్నీ నాకే నేర్పారు. తిప్పే పని పూర్తిగా నాకే అప్పగించారు. తప్పు చేసిన చేతులకే ఎందుకు ఇస్తున్నారో అడిగే ధైర్యం నాకు లేదు. ఆ ఎనిమిది నెలల్లో ఆ పిల్ల ఒంటి మీద గోరంత పుండు లేవలేదు. నేను ఈనాటికీ ఏదైనా పని తెలిసినవాణ్ణి అంటే, అది అక్కడ నేర్చుకున్నదే.

ఎమ్మిగనూరులో ఒక నేతవారి ఇంట్లో నూలు కండెలు చుట్టే పని కుదిర్చి, అవ్వనూ మనుమరాలినీ అక్కడ దించి, గ్రేసమ్మ గారు తన ఊరికి వెళ్లిపోయారు. ఆమె చనిపోయారని నాలుగేళ్ల కిందట ఉత్తరం వచ్చింది. చెప్పాల్సినది ఆమెకు చెప్పనేలేదు.

జాతర మరునాడు ఎమ్మిగనూరు బస్సెక్కాను. బసమ్మ నేల మీద దూది మెత్త వేసుకుని రాట్నం ముందు కూర్చుని ఉంది. వీధంతా మగ్గాల చప్పుడు.

“ఏమప్పా కాంపౌండరన్నా, నన్ను తిప్పనీకి వచ్చినావా? ఇప్పుడు నేనే తిరుగుతాండాలే.”

నిలబడే చెప్పేశాను. రాట్నం ఆగలేదు.

“నాకు తెలీదా? ఏడేండ్లదాన్ని, మతి లేనిదాన్నా? డాక్టరమ్మ ఆ పొద్దే అడిగె, సెప్పినా. ఎవురితోనూ అనొద్దనింది. ‘వాణ్ణి ఎల్లగొడతారు. వాడు పోతే నిన్ను తిప్పేదెవురే?’ అనింది.”

రాట్నం తిప్పుతూనే ఆమె మళ్లీ అంది.

“కూసోబెట్టకున్నా పోయేటివేమో, లోపలి వాపుకు. ఎవురూ సెప్పలేరని కూడా అనిందిలే.”

ఆ సందులోంచి తప్పించుకునే దారి ఉంది. నేను పోను. కాళ్ల సంగతి ఎవరూ తేల్చలేకపోవచ్చు. ‘లేదమ్మగారూ’ అన్న మాట మాత్రం నాదే.

“తప్పు నాది బసమ్మా,” అన్నాను.

ఆమె రాట్నం ఆపింది. “నాకు సెబితే ఏమొస్తాది? ఆయమ్మను తిట్టిండేది ఊరు. ఈడ్నుంచే మొదలుపెట్టు. గట్టిగా సెప్పు, ఇనపడాల.”

గడపలోకి వచ్చి నిలబడ్డాను. పక్కింటి మగ్గం ఆగింది, తర్వాత ఎదురింటిది.

“బసమ్మను కూర్చోబెట్టింది నేను. అడిగితే లేదన్నదీ నేను. గ్రేసమ్మ గారు తప్పు చేయలేదు. ఆమెకూ ఈ బిడ్డకూ నేను అన్యాయం చేసినాను. నన్ను మన్నించండి.”