కుట్టకూడని చిరుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చిరిగిన బట్ట కంటికి కనిపించేది కాదు. అవి కొత్త బట్టలని కాదు, మా అమ్మ రఫూ అలాంటిది. లోపలి మడతలోంచి అదే రంగు దారం లాగి, పోగు పక్కన పోగు నేసినట్టు కుట్టేది. వేలితో తడిమినా చిరుగు తెలిసేది కాదు. మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది గానీ ఆ పని మాత్రం చేతికి పట్టుబడింది. ఇప్పుడు మా మనుమరాలు డబ్బులిచ్చి మరీ చిరుగుల ప్యాంటు కొనుక్కొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా నాయన మౌలాలిలో రైలు పెట్టెలు కలిపే పని చేస్తూ, రెండు పెట్టెల మధ్య నలిగి చనిపోయాడు. దినాలు కాగానే అమ్మ ఆయన చెప్పులు, అంగీలు ఎవరికో ఇచ్చేసింది. ఆయన మాట ఎత్తితే, "ఏడ్చుకుంట కూసుంటే కడుపు నిండుతదా? లే, నీళ్లు పట్టుకరాపో" అని కసిరేది. దాంతో నేను ఏడవడం మానేశాను. ఏడుపు వస్తే పళ్లు బిగబట్టేదాన్ని.

అమ్మ తిరుమలగిరిలో ఒక అమెరికా ఆమె ఇంట్లో పనిచేసేది. జొన్న పైరు మీద పరిశోధనకని వచ్చిన మనిషి. చేలల్లో కూలీల దగ్గర తెలుగు నేర్చుకుంది కాబట్టి మాలాగే మాట్లాడేది, అమ్మను అక్కా అని పిలిచేది. వాళ్లు యూదులు. ఆమె తండ్రి అక్కడొక చిన్న ఊళ్లో రబ్బీ, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి గురువు. ఒకరోజు ఆయన పోయినట్టు టెలిగ్రాం వచ్చింది. వాళ్లలో శవాన్ని ఎక్కువసేపు ఉంచరు. ఈమె విమానం ఎక్కి చేరేలోపే పూడ్చేస్తారు. అందుకని వెళ్లలేదు. ఒంటిమీది తెల్ల చొక్కాను ఎడమవైపు, గుండె దగ్గర చింపుకుని, వాళ్ల ఆచారం ప్రకారం వారం రోజులు నేల మీదే కూర్చుంది.

వారం గడిచాక ఆ చొక్కా విడిచి కుర్చీ మీద వేసింది. మంచి నూలు బట్ట. అమ్మ ప్రాణం ఊరుకోలేదు. చెప్పకుండా ఇంటికి తెచ్చి, ఉతికి, రఫూ చేసి, ఇస్త్రీ పెట్టి మర్నాడు తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. ఆమె ఎంతో మెచ్చుకుంటుందని ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

ఆమె చొక్కాను అటూ ఇటూ తిప్పింది. వేళ్లతో వెతికింది. ముఖం పాలిపోయింది.

"ఏడ చింపిన్నో దొరుకుతలేదు అక్కా. జెర చూపియ్."

"ఎందుకమ్మా? మంచిగనే అయింది గద!"

తల్లో తండ్రో పోయినప్పుడు చింపుకున్న బట్టను మళ్లీ బాగుచేయకూడదట. నెల గడిచాక పైపైన రెండు కుట్లు వేసుకోవచ్చు గానీ, చిరుగు బతికినన్నాళ్లూ కనిపించాలట. ఆమె కింద కూర్చుని తండ్రి సంగతి చెప్పింది. ఆ ఊళ్లో ఒకప్పుడు బట్టల దుకాణాలన్నీ యూదులవే. ఎవరింట్లో చావు జరిగినా ఆయనే వెళ్లి, చిన్న కత్తితో వాళ్ల అంగీకి గాటు పెట్టేవాడు. మిగతాది వాళ్లు చేత్తో చింపుకునేవారు. తర్వాత దుకాణాలు మూతపడ్డాయి, కుటుంబాలు పెద్ద పట్నాలకు తరలిపోయాయి. పోయినవాళ్ల కోసం చెప్పే ప్రార్థనకు పదిమంది మగవాళ్లు కూడాలి. చివరి ఏళ్లలో అంతమంది కూడక, ఆయన పుస్తకం తెరిచి, కాసేపు ఊరికే నిలబడి, మూసేసేవాడట. ఆయనను పూడ్చిన రోజు కూడా పదిమంది కాలేదని తర్వాత వచ్చిన టెలిగ్రాంలో ఉందట. ఆ ప్రార్థన జరగలేదు.

"మా నాయనకు నేను చేసింది గిదొక్కటే అక్కా," అంది.

అమ్మ చొక్కా ఒళ్లో పెట్టుకుని, తన కుట్టును తనే వెతికి, బ్లేడుతో ఒక్కో పోగూ తెంపింది. చిరుగు మళ్లీ తెరుచుకుంది. ఆ పరాయి ఇంట్లో అమ్మ మా నాయనను పేరు పెట్టి పిలుస్తూ బిగ్గరగా ఏడ్చింది. ఆయన పోయాక అమ్మ నోట ఆ పేరు వినడం నాకు అదే మొదలు. నేనూ అమ్మ మీద పడి, పళ్లు బిగబట్టకుండా ఏడ్చాను. అమెరికా ఆమె మమ్మల్ని ఊరుకోమనలేదు.

నేను మెత్తని మనిషిని కాను, మా ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. కానీ మరిచిపో అనే మాట మాత్రం చావు జరిగిన ఇంట్లో నా నోట రాదు. పోయినేడు మా చిన్నకొడుకు పోయినప్పుడు, ఊరడించబోయిన చుట్టాలను పక్కకు పంపి కోడలి పక్కన కూర్చున్నాను. వాడి గురించి చెప్పుకుంటూ ఆమె ఏడుస్తుంటే, వంటింట్లో పాలు పొంగిపోతున్న చప్పుడు వినబడింది. నేను లేవలేదు.