తాయారమ్మ చెయ్యి పడని చెంప

ఉప్పళం పేటలో ఎవరి ముఖం కాస్త కళగా కనిపించినా తాయారమ్మ ఊరుకోదు. రెండు చేతులతో చెంపలు నిమిరి, తన కణతల దగ్గర మెటికలు విరిచి దిష్టి తీస్తుంది. కొత్త బండికీ అంతే, హ్యాండిల్‌ని బుగ్గల్లాగే నిమురుతుంది.

ఎదురింటి సుగంధి కొత్త స్కూటర్‌ని ఎవరో ఎత్తుకుపోయి సముద్రం ఒడ్డున వదిలేశారు. ప్రతి మనిషి చర్మం మీదా ప్రత్యేకమైన సూక్ష్మజీవులుంటాయని, ముట్టుకున్నచోటల్లా అంటుకుని ఆ మనిషిని పట్టిస్తాయని చెప్పి, పోలీసు ల్యాబు అమ్మాయి దీక్షిత హ్యాండిల్‌నీ వీధివాళ్ళ చేతుల్నీ చెంపల్నీ దూదిపుల్లలతో తుడిచింది. హ్యాండిల్ మీద తేలినవి తాయారమ్మవి. దాదాపు అందరి చెంపల మీదా తాయారమ్మవే. అనుమానమొచ్చి తుడిస్తే ఇన్‌స్పెక్టర్ బాలమురుగన్ చెంప మీదా అవే.

"నేను బండి దొంగనా? సైకిలే తొక్కలేనే!" అని తాయారమ్మ విరుచుకుపడింది.

"ఒక్క మీ ఆయన చెంప మీదే మీవి లేవమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కడిగేసుకున్నట్టున్నాడు. ఆయన్నే అనుమానించాలి."

మోకాళ్ళ నొప్పులతో వాకిలి దాటని దామోదరం పేపరు చాటునుంచి తలెత్తాడు.

"ఆయన దొంగేంది సార్!" అని తాయారమ్మ నవ్వేసింది. "కడుక్కునేదానికి నేను ముట్టుకుంటే కదా! ఆ మొగానికి దిష్టి పెట్టేదెవురని?"

దామోదరం పేపరు మడిచి, గోడ పట్టుకుని లేచి, చెప్పులు వేసుకున్నాడు.

"బండి నేనే ఎత్తినానని రాసుకోండి సార్. పదండి, స్టేషనుకి పోదాం."