సూర్యావతి ఎత్తిన జెండా

ఒకే దేశంలో ఉంటూ వారానికి ఒక్క గంట కాపురం చేసే మొగుడూ పెళ్ళాల్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే శుక్రవారం పొద్దున ఫర్వానియా వెనకనున్న ఇసుక మైదానానికి వెళ్ళాల్సింది. ఆట అయ్యాక బస్సు నీడలో చాప వేసుకుని, టిఫిన్ క్యారియర్ మధ్యలో పెట్టుకుని కూర్చున్న జంట కనిపించేది. సూర్యావతి, వెంకటసత్యనారాయణ వాళ్ళే.

వాళ్ళది ముమ్మిడివరం దగ్గర పల్లె, బతుకుతెరువుకు ఈ అరబ్బు దేశం వచ్చారు. సూర్యావతి రుమైథియాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది, ఆ ఇంటి పెద్దావిడకు అన్నీ చూసుకుంటుంది. సత్యనారాయణ అహ్మదిలో పరంజాలు కట్టే మేస్త్రీ. ఆవిడ ఉండేది యజమాని ఇంట్లో, ఆయన ఉండేది మగవాళ్ళ క్యాంపులో. మధ్యన ముప్ఫై కిలోమీటర్లే. కానీ ఆవిడను ఒంటరిగా బయటికి పంపడానికి మామా, అంటే ఇంటి యజమానురాలు, ఒప్పుకోదు, ఆయన్ను ఆ ఇంటి గుమ్మం తొక్కనివ్వరు. మొదటి రెండేళ్ళూ ఫోన్‌లో ముఖాలు చూసుకుని సరిపెట్టుకున్నారు పాపం.

వాళ్ళను కలిపింది ఫుట్‌బాల్. చెబితే నవ్వుతారు గానీ నిజం.

మనవాళ్ళూ మలయాళీలూ కలిసి నడుపుకునే ఆ లీగ్‌లో మూడు డివిజన్లు. మూడోదాన్ని మళ్ళీ ప్రాంతాలవారీగా ఫర్వానియా వైపు, అహ్మది వైపు అని రెండు ముక్కలు చేశారు, ఆటలు మాత్రం అన్నీ ఫర్వానియా మైదానంలోనే. దాని కింద ఇక నేలే. ఆఖరున నిలిచిన జట్టును లీగ్‌లోంచే తీసేస్తారు. అహ్మది వైపు ముక్కలో ఆడే గౌతమి ఫ్రెండ్స్ జట్టులో మన సత్యనారాయణ ఒకడు. వయసు నలభై ఆరు, ఆడడం మొదలెట్టిన దగ్గర్నుంచి ఒక్క గోల్ లేదు. ఆయన పనిచేసేచోట ఫిన్లాండ్ ఇంజినీరొకడు ఉన్నాడు. తమ ఊళ్ళో తానూ ఆరో డివిజన్‌లో ఆడేవాణ్ణని, అక్కడా లైన్‌మన్‌ను జట్టే వెతుక్కునేదని ఆ దొర చెప్పిన దగ్గర్నుంచి సత్యనారాయణకు తన మూడో డివిజన్ మీద గౌరవం మరీ పెరిగిపోయింది.

లైన్‌మన్ అంటే గీత పక్కన జెండా పట్టుకుని పరుగెత్తే మనిషి. పెద్ద డివిజన్లకు లీగే పంపిస్తుంది. మూడో డివిజన్‌కు అంత భోగం ఎక్కడిది? ఒక్క రెఫరీ వస్తాడు, జెండాకు జట్టుకో మనిషిని వాళ్ళే తెచ్చుకోవాలి. తెచ్చుకున్నవాడు తన జట్టుకే కొమ్ము కాస్తాడని అందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోరు. గౌతమి వాళ్ళ లైన్‌మన్ ఇక్కడి పని ఖలాస్ చేసుకుని ఊరెళ్ళిపోతే సత్యనారాయణకు ఒక ఆలోచన వచ్చింది. లీగ్ నుంచి సూర్యావతి పేరు మీద ముద్ర వేసిన కాగితం పుట్టించి మామాకు పంపాడు. మామా అరబ్బీలో ఉన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. రెఫరీని అరబ్బీలో హకమ్ అంటారు. తన వంటమనిషి హకమ్ అయిందని ఆవిడ కడుపుబ్బ నవ్వి, శుక్రవారాలు తన కారులోనే దింపి రమ్మని డ్రైవర్‌కు చెప్పింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో సూర్యావతి పేరు హకమే.

మొదటి ఆటలో ఆవిడ చేసిన ఘనకార్యం చెప్పుకోవాలి. మొగుడు ఆయాసపడినప్పుడల్లా జెండా ఎత్తేసింది. ఆట ఆగితే ఆయన కాస్త ఊపిరి తీసుకుంటాడని. నాలుగోసారికి రెఫరీ హుస్సేన్ పీరా ఈల వేసి దగ్గరికొచ్చాడు. కడప మనిషి, ఎదుటివాళ్ళను నొప్పించడం తెలియదు.

"అక్కా, బావకు ఆయాసం వస్తే నీళ్ళియ్యల్ల గానీ జెండా ఎత్తగూడదు. ఆఫ్‌సైడ్ అయితేనే ఎత్తల్ల."

ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆ రోజు అన్నం తింటూ సత్యనారాయణ చెప్పాడు. బంతి వదిలే వేళకు అవతలి జట్టు ఆఖరి మనిషిని దాటి ముందుకెళ్ళి నిలబడకూడదట, గోల్ కాసే గోలీ లెక్కలోకి రాడట. "విస్తరి వెయ్యకుండానే పంక్తిలోకి వెళ్ళి కూచున్నట్టన్నమాట," అన్నాడు. సూర్యావతికి వెంటనే అర్థమైపోయింది. బంతుల్లో ఏం వడ్డన చూసిందో, అప్పటినుంచి ఆవిడ కన్ను ఒక్కసారీ తప్పలేదు. తన జట్టా, అవతలి జట్టా అని చూడదు. వారమంతా ఎవరు పిలిచినా "హాజర్ మామా" అనే మనిషి, శుక్రవారం చెయ్యెత్తితే ఇరవై ఇద్దరు మగాళ్ళు ఉన్నచోటే ఆగిపోయేవాళ్ళు. ఆ సుఖం ఆవిడకు బాగానే పట్టింది, ఎందుకు పట్టదు?

మూడు సీజన్లు అలా గడిచాయి. నాలుగోదాంట్లో గౌతమికి శని పట్టింది. మార్చి నెలాఖరున చివరి ఆట, ఇందూరు బాయ్స్‌తో. గెలిస్తే లీగ్‌లో ఉంటారు, లేకపోతే బయటికి. బయటికి పోతే జట్టువాళ్ళకు కంపెనీ ఇచ్చే శుక్రవారం బస్సు ఉండదు. జట్టే లేకపోతే లైన్‌మన్ కాగితం ఉండదు. కాగితం లేకపోతే మామా పంపదు. ముందురోజు ఫోన్‌లో సత్యనారాయణ ఇవన్నీ వరసగా చెప్పి, "రేపు గెలవాలే సూర్యావతీ," అన్నాడు. ఆవిడకు రాత్రంతా ఇదే ధ్యాస.

ఆట ఒకటీ ఒకటితో సమానంగా ఉంది. ఇంకా నాలుగు నిమిషాలుంది. రెండో సగంలో గౌతమి దాడి చేసేది సూర్యావతి నిలబడిన వైపుకే. కెప్టెన్ ఉదయ్‌కుమార్ మధ్యలోంచి బంతిని పొడుగ్గా వదిలాడు. సత్యనారాయణ అందుకున్నాడు, తడబడ్డాడు, బంతి మోకాలికి తగిలి గోలీ పక్కనుంచి దొర్లుకుంటూ వెళ్ళి వలలో పడింది. ఆరేళ్ళకు గోల్. జట్టంతా ఒక్క అరుపు అరిచింది. సత్యనారాయణ మాత్రం జట్టు వైపు పోలేదు. రెండు చేతులూ చాపుకుని, నోరంతా నవ్వుతో సూర్యావతి వైపు పరుగెత్తుకొచ్చాడు.

ఉదయ్‌కుమార్ బంతి వదిలినప్పుడు ఆయన ఇందూరు ఆఖరి మనిషి కంటే జానెడు ముందున్నాడు. ఆ సంగతి రెఫరీ చూడలేదు, ఇందూరు వాళ్ళూ చూడలేదు. ఆవిడొక్కతే చూసింది.

ఆ క్షణంలో ఆవిడకు బస్సు గుర్తుకొచ్చింది, కాగితం గుర్తుకొచ్చింది. చెయ్యి కిందనే ఉంచితే చాలు, అడిగేవాడు లేడు. కానీ ఎదురుగా వస్తున్న ఆ ముఖం చూసింది. జన్మకొక్క గోల్ కొట్టినా అది ఆయన కష్టార్జితం కావాలి గానీ నేను వేసిన ముష్టి కాకూడదు అనుకుంది. జెండా ఎత్తింది.

సత్యనారాయణ చాచిన చేతులతో అలాగే నిలబడిపోయాడు.

ఆట సమానంగానే ముగిసింది. ఉదయ్‌కుమార్ జెర్సీ విప్పి నేలకేసి కొట్టాడు. "వదినా, చూసే ఎత్తారా అండి?"

"చూసే ఎత్తాను బాబూ."

ఉదయ్‌కుమార్ జెర్సీ ఏరుకుని వెళ్ళిపోయాడు. బస్సు నీడలో మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చున్నారు. సత్యనారాయణ వంకాయ కూరలో అన్నం కలిపి, కలిపినచోటే వదిలేశాడు.

"ఎంత ముందున్నాను?"

"జానెడండి."

"ఆ జానెడూ చూడకపోతే నీ సొమ్మేం పోయిందే?"

"పోయింది మన సొమ్మే కదండీ. తెలిసే ఎత్తాను." సూర్యావతి కళ్ళు తుడుచుకుంది. బస్సు హారన్ మోగింది. ఎప్పుడూ "ఉంటానే" అని చెప్పి వెళ్ళే మనిషి ఆ రోజు చెప్పకుండా ఎక్కేశాడు.

ఆ తర్వాత శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. "యా హకమ్, మ్యాచ్ మాఫీ?" అని మామా అడిగింది, ఇవాళ ఆట లేదా అని. "ఖలాస్ మామా," అంది సూర్యావతి, బియ్యం కడుగుతూ. సత్యనారాయణ ఫోన్ చేసేవాడు. తిన్నావా, తిన్నాను, ఊళ్ళో పిల్లలతో మాట్లాడావా, మాట్లాడాను. అంతే. అలిగాడని అనుకుంటే అలిగినట్టే, లేదనుకుంటే లేనట్టే. ఎండాకాలమంతా అలాగే నడిచింది, ఆవిడ ఎన్నిసార్లు ఏడ్చిందో ఆ వంటింటికే తెలుసు.

అక్టోబర్‌లో హుస్సేన్ పీరా ఫోన్ చేశాడు. లీగ్ మీటింగ్‌లో ఇందూరు కెప్టెన్ నర్సింగ్ లేచి నిలబడ్డాడట. "సొంత మొగడు కొట్టిన గోల్‌కు జెండ లేపిన అక్క ఉండంగ మన జట్టోళ్ళ జెండలెందుకు? మా మ్యాచులకు ఆ అక్కనే పెట్టుండ్రి," అన్నాడట. తక్కిన కెప్టెన్లూ మాక్కూడా అన్నారట. ఏ జట్టుకూ చెందని లైన్‌మన్ మూడో డివిజన్‌కు రావడం ఇదే మొదలు. కొత్త కాగితం వచ్చింది, మామా మళ్ళీ డ్రైవర్‌ను పిలిచింది.

ఈ సంగతి సత్యనారాయణకు చెబితే "మంచిదే" అన్నాడు. బస్సు లేదు, ఎలా వస్తారని ఆవిడ అడగలేదు. అడిగితే రానంటాడేమోనని భయం.

మొదటి శుక్రవారం సూర్యావతి గీత పక్కన నిలబడింది. ఆడుతున్న రెండు జట్లలోనూ తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. జెండా బరువుగా అనిపించింది. పావుగంట గడిచాక రోడ్డు వైపు నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక మనిషి చెమటలు కక్కుతూ వచ్చాడు. రెండు బస్సులు మారి, చివర్లో మైలు దూరం నడిచి వచ్చాడు. వచ్చి నీడ చూసుకుని కూర్చోలేదు. గీతకు ఇవతల, ఆవిడకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆవిడ అటు కదిలితే అటు, ఇటు కదిలితే ఇటు.

"మాట్లాడకండి. డ్యూటీలో ఉన్నాను," అంది సూర్యావతి, బంతి మీంచి చూపు తిప్పకుండా.

"నేనేం మాట్లాడుతున్నానే? నడుస్తున్నానంతే."

కాస్సేపు నడిచాక ఆయనే మెల్లగా అన్నాడు. "నాకు నెలకు రెండు శుక్రవారాలే సెలవిప్పుడు. ఆ రెండూ వత్తాను."

ఆవిడ తల ఊపింది.

"క్యాంపులో అందరికీ చెప్పేశాను. నా గోల్ కాదన్నది మా ఆవిడే అని. ఫిన్లాండ్ దొరక్కూడా చెప్పాను. టోపీ తీశాడే."

సూర్యావతికి చూపు మసకేసింది. గబగబా మోచేత్తో కళ్ళు తుడుచుకుంది, ఆఖరి మనిషి ఎక్కడున్నాడో కనబడాలి కదా. ఇంతలో బంతి అవతలికొసకు ఎగిరింది. ఆవిడ గీత వెంట పరుగెత్తింది. గీతకు ఇవతల సత్యనారాయణ కూడా పరుగెత్తాడు.