ఉప్పుమడుల గట్టు మీద మా పెద్ద మేడమ్

మా పెద్ద మేడమ్ పోయారు. పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున, బరంపురంలో నేను పనిచేసే బడిలో పిల్లల్ని ప్రార్థనకి నిలబెడుతుంటే ఫోన్ మోగింది. ఆవిడ చెల్లెలు. "అక్క ఎల్లిపోయిందమ్మా. కాఫీ పట్టుకెళ్ళి లేపాను. లేవలేదు," అంది. పిల్లలు పాట మొదలెట్టేశారు. వాళ్ళు పాట పూర్తిచేసి, కూర్చోమంటానేమోనని నా వైపు చూస్తూ చాలాసేపు నిలబడే ఉన్నారు.

ఇది చదివేవాళ్ళలో ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు బహుశా ఎవరూ ఉండరు. ఒడిశాలో గంజాం ఊరవతల, ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక జాలరి పేట ఉంది. ఆ పేటలో ఒకప్పుడు రెండు గదుల తెలుగు బడి ఉండేది. దానికి ఆవిడ హెడ్ మేడమ్. నేను ఆవిడ కింద అసిస్టెంట్ టీచర్ని. బడిలో ఉన్నది మేమిద్దరమే. అయినా పేటలో వాళ్ళు ఆవిణ్ణి పెద్ద మేడమ్మనీ నన్ను చిన్న మేడమ్మనీ అనేవారు. నాకూ ఆ పిలుపే అలవాటైపోయింది.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. బరంపురంలో చెల్లెలితో కలిసి ఉండేవారు. రోజూ మొదటి బస్సుకి బయల్దేరి వచ్చేవారు. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికెళ్ళి, ముందు గచ్చు మీద అరిచేత్తో రాసి చూసేవారు. తడి తగిలితే కప్పు ఎక్కడ కారుతోందో వెతికి, ఆ చోటు చుట్టూ సుద్దముక్కతో గీత గీసేవారు. పిల్లలు ఆ గీతకి ఇవతల కూర్చోవాలి. వానాకాలం వచ్చిందంటే గదిలో గీతలు పెరిగిపోయి, మూడో తరగతి వెళ్ళి రెండో తరగతి పిల్లల ఒళ్ళో కూర్చున్నట్టుండేది. అక్కడి పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఆవిడ నల్లబల్ల మీద ఏ మాటైనా ముందు తెలుగులో రాసి, పక్కనే ఒడియాలో రాసేవారు. "రెండు కళ్ళు ఇచ్చాడు కదరా దేవుడు. రెండూ తెరవండి," అనేవారు.

కప్పు బాగుచెయ్యమని ఆవిడ రాయని ఏడాది లేదు. ఒకసారి తుఫానుకి సగం రేకులు ఎగిరిపోతే, పేటవాళ్ళు పాత తెరచాప గుడ్డ తెచ్చి కట్టారు. ఆ గుడ్డ కిందే రెండేళ్ళు పాఠాలు చెప్పాం. బ్లాకు ఆఫీసు నుంచి ఎప్పుడూ ఒకటే జవాబు: మీ బడిలో పిల్లలు తక్కువ, భవనానికి నిధులు రావు. ఒకసారి నన్ను కూడా తీసుకెళ్ళి, ఆఫీసరు ఎదుట నిలబడి అడిగారు. "కప్పు కారుతోందని పిల్లల్ని పంపడం లేదు సార్. పిల్లలు లేరని మీరు కప్పు వెయ్యడం లేదు. నన్నేం చెయ్యమంటారు?" ఆయన మంచివాడే. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. మా దరఖాస్తు తీసుకుని ఫైల్లో పెట్టేశాడు.

తర్వాత కొన్నాళ్ళకి లిస్టు వచ్చింది. పిల్లలు తక్కువున్న బడుల్ని పెద్ద బడుల్లో కలిపేస్తారట. మా పేట పిల్లలు ఇకమీదట హైవేకి అవతలున్న ఒడియా బడి కిందకి వస్తారని అందులో ఉంది. ఆ బడికి కొత్త భవనం, మరుగుదొడ్లు, కంప్యూటరు గది అన్నీ ఉన్నాయి. ఒక తెలుగు టీచరునీ వేస్తామన్నారు. దూరం ఒక కిలోమీటరు లోపే అని రాశారు. మ్యాపు మీద స్కేలు పెట్టి చూస్తే అంతే వస్తుంది. కానీ మధ్యలో ఉప్పుమడులున్నాయి. పిల్లలు వాటి చుట్టూ గట్టు మీద నడిచి, రైలు పట్టాలు దాటి, ఆపైన లారీలు ఆగకుండా పరిగెత్తే హైవే దాటాలి.

ఆఫీసరు పేటకి వచ్చిన రోజు, ఆయన జీపు దిగీ దిగగానే పెద్ద మేడమ్ ఎదురెళ్ళారు. "సార్, ఆ బడి దాకా పిల్లలతో ఒక్కసారి నడవండి. తర్వాత మీరేం చెప్పినా వింటాను," అన్నారు ఒడియాలో. ఆయన కాదనలేదు. షూ చేత్తో పట్టుకుని గట్టెక్కాడు. ఒకటో తరగతి పిల్ల ఒకతి సగం దూరంలోనే కూలబడి, ఇంక నడవలేనని ఏడ్చింది. ఆయనే దాన్ని ఎత్తుకున్నాడు. హైవే దగ్గర చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. దాటాక చెమట తుడుచుకుంటూ ఆయన అన్న మాట నాకింకా గుర్తుంది. "మీరు చెప్పింది నిజమే మేడమ్. కానీ లిస్టు తయారుచేసింది నేను కాదు. నా చేతిలో లేదు."

అయినా కాగితానికి ఒక పద్ధతుంది. బడి కమిటీ తీర్మానం చెయ్యాలి, టీచర్లూ తల్లిదండ్రులూ సంతకాలు పెట్టాలి. ఇక్కణ్ణుంచి రాయాలని నాకు లేదు. కానీ ఇది రాయకుండా ఆవిడ గురించి రాశానంటే అబద్ధమవుతుంది.

అప్పటికి నా కూతురికి ఎనిమిదో నెల. రోజూ దాన్ని మా అత్తగారికి అప్పగించి, బస్సులో రానూ పోనూ గంటలు గడిపేదాన్ని. మధ్యాహ్నమయ్యేసరికి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయేది. బడి కలిపేస్తే నన్ను బరంపురంలో మా ఇంటికి దగ్గర్లోనే వేస్తారని ఆఫీసులో ఒక గుమాస్తా ముందే చెవిన వేశాడు. మీటింగులో కాగితం బల్ల మీద పెట్టారు. ఎవరూ కదల్లేదు. పెద్ద మేడమ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అందరూ నా వైపు చూశారు. నేను లేచి వెళ్ళి సంతకం పెట్టాను. మొదటి సంతకం నాది.

కమిటీ ప్రెసిడెంటు ఒక ముసలి జాలరి. ఆయన నా సంతకం వైపు చూసి తల గోక్కున్నాడు. "సదువుకున్న మేడమ్మే సంతకం ఎట్టేత్తే ఇంక మాకేటి తెలుస్తాది బాబూ? మంచిదే అయ్యుంటాది," అని వేలిముద్ర వేశాడు. ఆయన వెనక మిగతావాళ్ళూ వేశారు. పెద్ద మేడమ్ వెయ్యలేదు. ఆవిడ సంతకం లేకుండానే కాగితం వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బస్సులో ఆవిడ పక్క సీటు తప్ప ఖాళీ లేదు. కూర్చున్నాను. బస్సు ఛత్రపురం దాటింది. అప్పుడావిడ కిటికీలోంచి చూపు తిప్పకుండానే, "పాపకి పళ్ళొచ్చాయా?" అని అడిగారు. నేను ఏడ్చేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఊరుకో, బస్సులో అందరూ చూస్తున్నారు. నీ ఈడులో నాకూ ఒక పాప ఉండుంటే నేనూ పెట్టేదాన్నేమో. ఎవరు చూశారు?" అన్నారు. ఆవిడ తిట్టుంటే బాగుండేది. ఆ మాట ఈనాటికీ అనుకుంటాను.

బడి మూసిన రోజున ఆవిడ గోడల మీది తెలుగు అక్షరాల అట్టలు ఒక్కొక్కటే మేకు ఊడదీసి తీశారు. అవి చుట్టి చంకలో పెట్టుకుని, పిల్లల్ని ఇద్దరిద్దరుగా నిలబెట్టి, గట్టు మీదుగా కొత్త బడికి నడిపించుకెళ్ళారు. నేను ఆ రోజు వెళ్ళలేదు. బరంపురంలో చేరిపోయాను. తర్వాతవన్నీ ఆవిడ చెల్లెలూ పేటవాళ్ళూ చెబితే తెలిసినవే.

ఇస్తామన్న తెలుగు టీచరు రాలేదు. పెద్ద మేడమ్‌నే అక్కడ మామూలు టీచరుగా వేశారు. హెడ్‌గా పాతికేళ్ళకి పైగా చేసిన మనిషి, వయసులో తనకన్నా చిన్నవాడైన హెడ్ మాస్టరు దగ్గరికి వెళ్ళి, వరండాలో ఒక మూల ఇమ్మని అడిగారు. అన్నాల గంట తర్వాత ఆ మూలలో అట్టలు పరిచి తెలుగు చెప్పేవారు. పొద్దున మటుకు తిన్నగా బడికి వెళ్ళేవారు కాదు. ముందు పేటలో దిగి, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగుచేసి, గట్టు మీదుగా నడిపించి, హైవే మధ్యలో చెయ్యెత్తి నిలబడి దాటించేవారు. లారీవాళ్ళు మొదట్లో హారన్లు కొట్టేవారు. కొన్నాళ్ళకి దూరం నుంచే చూసి, "మావుసీ వచ్చింది," అని ఒడియాలో అనుకుంటూ బండి ఆపేవారట. పిన్నీ అని దాని అర్థం.

రెండేళ్ళకి రిటైరయ్యారు. మర్నాడు పొద్దున మళ్ళీ అదే బస్సు ఎక్కారు. "ఇంకెందుకక్కా, నీ ఉజ్జోగం అయిపోయింది కదా," అని చెల్లెలు అడ్డంపడితే, "ఉద్యోగం అయిపోయింది గానీ రోడ్డు అక్కడే ఉంది కదే," అన్నారట. ఆ తర్వాత నాలుగేళ్ళు నడిచారు. మోకాళ్ళు వాచాయి, తర్వాత గుండె పెద్దదయిందన్నారు. ఈ వానాకాలంలో డాక్టరు మంచం దిగొద్దన్నాక గానీ ఆగలేదు. ఇప్పుడు తల్లులు వంతులేసుకుని దాటిస్తున్నారట.

దసరా సెలవుల్లో చూడ్డానికి వెళ్ళాను. మనిషి సగమయిపోయారు. నా కూతురు ఏ క్లాసో అడిగారు, అది రాసిన తెలుగు చూపించమన్నారు. తర్వాత, "నూకరత్నం పెద్దదయిపోయిందిట. నువ్వేమైనా చూశావా?" అన్నారు. బడి కలిపేసినప్పుడు అయిదుగురు పిల్లలు చదువు మానేశారు. నూకరత్నం వాళ్ళలో ఒకతి. అప్పుడు నాలుగో తరగతి. తల్లి చేపల గంపతో తెల్లారకుండా వెళ్ళిపోతే, పసితమ్ముణ్ణి చూసుకోవాలి. పాత బడి అయితే వాణ్ణి చంకనేసుకుని వచ్చేది, గుమ్మం దగ్గర కూర్చోబెట్టి పాఠం వినేది. పసివాడితో హైవే దాటడానికి తల్లి ఒప్పుకోలేదు. పెద్ద మేడమ్ ఆ అయిదు పేర్లూ నాకు వరసగా చెప్పారు. మరిచిపోయానేమోనని తనకి తాను అప్పజెప్పుకున్నట్టు చెప్పారు.

"ఎంతమందిని దాటించారు మేడమ్, వాళ్ళని తలుచుకోండి," అన్నాను.

"దాటినవాళ్ళు బాగానే ఉంటారమ్మా. నాకు నిద్దరపట్టనిది వీళ్ళతోనే," అన్నారు.

అప్పుడు చెప్పాలనుకున్నాను. ఆ మొదటి సంతకం నాది కాకపోతే ఏమయ్యేదో నాకూ తెలీదు గానీ, క్షమించండి మేడమ్ అని ఒక్క మాట. ఇంతలో చెల్లెలు మాత్రలు పట్టుకుని వచ్చింది. మంచినీళ్ళు అందించాను. మళ్ళీ వస్తానని లేచాను. మళ్ళీ వెళ్ళింది శవం దగ్గరికి.

పేట నుంచి ఆటోల్లో జనం వచ్చారు. వేలిముద్ర వేసిన ఆ ముసలి ప్రెసిడెంటు పాడెకి భుజం పట్టాడు. "మాం తప్పు సేసినాం తల్లీ," అని పైకే అంటూ నడిచాడు. ఆయన నా వైపు చూడలేదు. చూసుంటే నేనేం చెయ్యగలిగేదాన్నో నాకు తెలీదు.

కర్మలయ్యాక ఒక ఆదివారం పేటకి వెళ్ళాను. ఆరేళ్ళలో వెళ్ళడం అదే మొదలు. నూకరత్నం ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తోంది. పొడుగ్గా ఎదిగింది, పదిహేనేళ్ళుంటాయి. నన్ను చూసి లేచి నిలబడి, తడి చేతులు లంగాకి తుడుచుకుంది.

"పెద్ద మేడమ్ పోయారు, తెలుసా?" అన్నాను.

"తెలుసు మేడమ్. మాయమ్మ ఎల్లొచ్చింది. నాను రానేదు."

"ఏం?"

అది చేతికంటిన చేప పొలుసులు వేలితో గోక్కుంది. "ఆయమ్మ మాయింటికి ఒచ్చినప్పుడల్లా నాను నీళ్ళ డ్రమ్ము ఎనకాల దాక్కునీదాన్ని మేడమ్. రోజూ ఒచ్చీది. నూకరత్నం ఉందా అని అడిగీది. మాయమ్మ నేదనీది. సరే రేపొత్తాననీసి ఎల్లిపోయీది. ఆయమ్మకి తెలుసు నానక్కడే ఉన్నానని. నా కాళ్ళు కనిపిత్తాయి గదా." మళ్ళీ చేతులు లంగాకి తుడుచుకుంది. "ఒక్కపాలైనా ఇవతలికి రావలసింది."

నేను దాని పక్కన ఇసకలో కూర్చున్నాను. ఇప్పుడైనా చదువుకుంటావా, పరీక్షకి కట్టిస్తాను, నేను వచ్చి చెబుతాను అని అడిగాను. "తమ్ముడు ఎల్తన్నాడు మేడమ్, రెండో తరగతి," అంది. మళ్ళీ వంగి చేపలు తిరగేయడం మొదలెట్టింది. నేనూ వంగి రెండో వరస తిరగేశాను. ఉప్పుకి వేళ్ళు మండాయి.

ఆ పని చాలాసేపు పట్టింది. ఎండ ఎక్కింది. ఉప్పుమడుల్లో నీళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీగా ఉంది. చేపలు తిరగేస్తూ తిరగేస్తూ నూకరత్నం ఉన్నట్టుండి నడుం నిలబెట్టి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ గట్టు వైపే చూస్తూ నిలబడిపోయింది.