మూత పట్టని ఆటపెట్టె

టేపురికార్డర్లు ఈ లోకాన్ని విడిచి వెళ్ళినా, వాటి వైద్యుడు మాత్రం మిగిలిపోయాడు. మందుల షాపుకీ టైలరు కొట్టుకీ మధ్య ఒక బల్ల, ఒక స్టూలు పట్టేంత చోటు ఆయనది. ఇప్పుడక్కడికి ఎక్కువగా ఫ్యాన్లు, మిక్సీలు వస్తుంటాయి. ఏ రోగి వచ్చినా చికిత్సలో మొదటి మెట్టు ఒక్కటే: పుల్లకు దూది చుట్టి, థిన్నర్‌లో ముంచి, తళతళలాడేదాకా తుడవడం. ఒకప్పుడు టేపు హెడ్డును అలా తుడిస్తే బొంగురుపోయిన పాట తేటపడేది. ఆ విజయాల ఊపు ఇంకా తగ్గలేదు. అందుకే, టీవీకి తగిలించి ఆడుకునే తన వీడియో గేమ్ పెట్టె కొన్ని డిస్కులు చదవడం లేదని కూతురు తల్లితో అంటుంటే విని, ఎవరూ అడగకుండానే మూత విప్పి, డిస్కును చదివే కంటిని కూడా తుడిచాడు.

టేపు హెడ్డు లోహం. ఈ కన్ను ప్లాస్టిక్. చూస్తుండగానే మజ్జిగ రంగుకి తిరిగింది. అంతవరకు కొన్ని డిస్కుల మీదే అలిగిన పెట్టె, ఆ రోజు నుంచి అన్నింటినీ సమదృష్టితో తిరస్కరించింది.

కూతురు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది.

"అద్దాల్ని థిన్నర్‌తో తుడుచుకుని వచ్చేవాళ్ళని నేను చూస్తూనే ఉంటాను నాన్నా. కస్టమర్లు కదాని ఏమీ అనను," అంది.

ఆ తర్వాత తండ్రిని కూడా ఏమీ అనలేదు. అదే ఆయనకు మింగుడుపడలేదు. వాచీలో సెల్లు వేయించుకోవడానికి కూడా బయటికే వెళ్ళసాగింది. హెడ్‌ఫోన్ తీగ తెగితే, ఆయన కంటపడకుండా చెత్తబుట్ట అడుక్కి తోసేసింది. ఆయన కంటపడింది.

కొత్త కన్ను ఎక్కడా దొరకలేదు. సోమవారం పెట్టెను పెద్ద రోడ్డులోని సర్వీస్ సెంటరుకు ఇచ్చేస్తానని ఆమె తల్లితో, పక్క గదికి వినిపించేలా అంది. మెకానిక్ ఇంటి వస్తువు ఇంకో మెకానిక్ బల్ల ఎక్కడమంటే, ఆయన దృష్టిలో, బతికుండగానే సంతాపసభ జరిపించుకోవడం.

అప్పుడు కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే బామ్మర్ది రంగప్రవేశం చేశాడు.

"డిస్కే అక్కర్లేదు బావా. నా పాత లాప్‌టాప్‌లోంచి హార్డ్ డిస్కు తీసి, అమ్మాయి ఆటలన్నీ దాంట్లోకి ఎక్కించి ఇస్తాను. ఆ గుడ్డి రీడర్ పీకేసి, దాని చోట ఇది అతికించెయ్. చాలా ఈజీ."

ఈజీ అన్న మనిషి ఏనాడూ చేత్తో సోల్డరింగ్ ఐరన్ పట్టినవాడు కాడు.

ఆదివారం భోజనాల బల్ల ఆపరేషన్ థియేటరైంది. బోర్డు మీద నువ్వుగింజలంత చుక్కలు. వాటికి వెంట్రుకల్లాంటి తీగలు అతకాలి. తీగ చుక్కకి అంటుకోదు, ఐరన్‌కి అంటుకుంటుంది. విదిలిస్తే పక్క చుక్కకి అంటుకుంటుంది. కళ్ళజోడు పెట్టుకుంటే చెయ్యి కనపడదు, తీస్తే బోర్డు కనపడదు.

"పేషెంటు లేచాక ఓ కేక వెయ్యండి. అప్పటిదాకా గిన్నెలు నెత్తిన పెట్టుకుని నిలబడతాను," అంది భార్య.

స్విచ్ వేస్తే తెర నల్లగా ఉంది. రెండు తీగలు తారుమారయ్యాయి. ఊడదీసి మార్చాడు. తెర వెలిగింది, సంగీతం మోగింది, ఆటల పేర్లు వరసగా వచ్చాయి. ఆయన విజయగర్వంతో మూత వేశాడు.

తెర నల్లబడింది.

తీశాడు, వెలిగింది. వేశాడు, ఆరింది. తీగల కట్ట ఎక్కడో నలుగుతోంది. కట్టను కుడికి తోశాడు, ఎడమకి తోశాడు, లోపలి ప్లాస్టిక్ గుంజ ఒకటి కోసి పారేశాడు. పెట్టె దేనికీ చలించలేదు. పనిచేయని మిక్సీని తిరిగి ఇచ్చేటప్పుడు కూడా స్క్రూలన్నీ బిగించి ఇచ్చే మనిషి ఆయన. అలాంటివాడి ఇంట్లో, పనిచేసే వస్తువు మూత పెట్టనివ్వనంటోంది!

"నీ దుంప తెగ!" అన్నాడు దానితో. సరిగ్గా అప్పుడే కూతురు దుకాణం నుంచి వచ్చింది.

"ఏంటిది, పేగులు బయటేసుకుని కూచుంది?"

"పనిచేస్తోందమ్మా. మూత ఒక్కటే..."

"వేసి చూపించు."

వేశాడు. ఆరింది.

"ఇప్పుడు తియ్యి."

తీశాడు. ఆమె చెప్పులైనా విప్పకుండా కుర్చీ లాక్కుని కార్ల పందెం మొదలుపెట్టింది. ఆయన చేతులు మాత్రం మూత చుట్టూనే తిరుగుతున్నాయి.

"ఒక్క క్షణం ఆపితే ఆ కట్టని..."

"చెయ్యి తియ్యి నాన్నా."

తీశాడు. మలుపులో ఎగిరిన కారు గాల్లోనే ఆగిపోయింది, సంగీతం నత్తిగా మోగింది. ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన ఆలోచించకుండా తీగల కట్ట మీద వేలు పెట్టి నొక్కాడు. కారు నేలకి దిగి పరుగెత్తింది.

"అక్కడే! అక్కడే ఉంచు, కదలకు!"

నడుము వంచి, పెట్టెలో వేలు పెట్టి నిలబడ్డాడు. పందెం అయింది. ఇంకో పందెం మొదలైంది. వంటింట్లోంచి భార్య భోజనానికి రమ్మని పిలిచింది.

"మా నాన్న రాలేడమ్మా, పనిలో ఉన్నాడు," అంది కూతురు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

"మీ నాన్నేంటే, నా మొగుడు!"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "రేపు మరి... సర్వీస్ సెంటరుకి...?"

"వాడైతే షాపు కట్టేసే టైముకి వేలు తీసేసి ఇంటికెళ్ళిపోతాడు," అందామె. "రేపు నువ్వే తీగలు కాస్త పొట్టివి చేసి చూడు. ముందు ఈ పందెం కానీ."

నడుము పట్టేసింది. వేలు మార్చుకోవచ్చా అని అడిగాడు. వద్దంది.